పద్నాలుగో పేజీ

ఆ ఆఫీసులో అందరూ ఆమెను టీచరమ్మ అంటారు. నిజానికి ఆమె ఏ బడిలోనూ ఒక్కరోజు పాఠం చెప్పిన పాపాన పోలేదు. చదివింది రసాయనశాస్త్రం, చేసేది పనిముట్లను ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు రాయడం. అయినా ఆ పేరు అతుక్కుపోయింది. ఎవరైనా ఇంజినీరు ఆమె బల్ల దగ్గరికొచ్చి గబగబా నాలుగు ముక్కలు చెప్పి జారుకోబోతే, "ఆగు బాబూ. నాకేమీ తెలియదనుకుని మళ్లీ మొదట్నించీ చెప్పు" అంటుంది. మళ్లీ చెప్పేటప్పటికి సగంమందికి తాము చెబుతున్నది తమకే సరిగా తెలియదని తెలిసిపోతుంది. కొత్తగా చేరినవాళ్లు ఆమె ఎదురైతే పక్కకి తప్పుకోవడం అందుకే.

ఆమె మొదటి ఉద్యోగం కుక్కర్లు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీలో. అట్టపెట్టెలో వేసే కాగితం రాయడమే పని. పెళ్లయిన కొత్త కాబట్టి, రాసిన ప్రతి వాక్యాన్నీ ఇంటికి తెచ్చి అత్తగారికి చదివి వినిపించేది. అత్తగారిది వానాకాలం చదువు, మొహమాటం బొత్తిగా లేని మనిషి. "ఏమోనమ్మా, నువ్వు చెప్పేది వింటుంటే అసలా కుక్కరు జోలికే పోకూడదనిపిస్తోంది" అనేసేది. కోడలు ఉడుక్కుని వంటింటి గుమ్మంలో కూర్చుని మళ్లీ రాసేది. ఆ తర్వాత కుట్టుమిషన్లు, తూకం మిషన్లు, చివరికి ఈ కంప్యూటర్ల ఆఫీసు. ఇక్కడికొచ్చి ఇరవై రెండేళ్లు. వస్తువు మారింది గానీ పద్ధతి మారలేదు. ఎనభై దాటిన అత్తగారు ఇప్పటికీ మంచం మీద కూర్చుని వింటుంది, ఇప్పటికీ వంకలు పెడుతుంది.

"ప్రాసెసర్ అంటే ఏమిటే?" అని ఒకసారి అడిగింది ముసలావిడ.

"యంత్రం లోపల కూర్చుని, చెప్పిన పనులు ఒకదాని తర్వాత ఒకటి చేసుకుపోయేదత్తయ్యా."

"మరి మీ ఆఫీసువాళ్లు చేసేదేమిటి?"

"అదేం చేసిందో ఒక్కటి వదలకుండా వరుసగా రాసి చూపించే పనిముట్టు. ట్రేసర్ అంటారు."

"అంటే చాడీలు చెబుతుందన్నమాట" అని తేల్చేసింది అత్తగారు.

టీచరమ్మ నవ్వింది గానీ, ఆలోచిస్తే ఆ మాటలో తప్పేమీ కనబడలేదు. ఏదైనా యంత్రం తిక్కగా ప్రవర్తించినప్పుడు, ఆ క్షణంలో లోపల ఏ ఆదేశం తర్వాత ఏ ఆదేశం నడిచిందో తెలిస్తే తప్పెవరిదో దొరుకుతుంది. ట్రేసర్ చేసే పని అదే. కనుక ట్రేసర్ చెప్పింది ఎలా చదవాలో రాసేవాళ్లకి ఒళ్లు దగ్గరుండాలి. ఆమెకి ఉండేది కూడా. తన వేళ్లతో కొట్టి, తన కళ్లతో చూడనిదే ఒక్క వాక్యం రాయననేది ఆమె నియమం. దాన్ని గురించి కాస్త గొప్పలు కూడా పోయేది. ఆ గొప్ప ఒక గురువారం పొద్దున్న పదిన్నరకి దిగిపోయింది.

ఆ రోజుల్లో ఆమె ట్రేసర్ మాన్యువల్ మొత్తాన్ని తిరగరాస్తోంది. పాతది అర్థంకావడం లేదని జనం తిడుతున్నారని పైఅధికారి మూడు వారాలు గడువిచ్చాడు. ఆయన ఆమె కన్నా పన్నెండేళ్లు చిన్న. సెలవడిగితే చూద్దాం అంటాడు, కుర్చీ విరిగిందంటే చూద్దాం అంటాడు, అందుకని ఆఫీసులో ఆయన పేరు చూద్దాం సారు. మంచివాడే. కాకపోతే నిర్ణయం అనే మాట వింటే జ్వరం వస్తుంది. ఆయన పుణ్యమా అని కిందటి వారమే ఆమె బల్ల మీదికి కొత్త సర్క్యూట్ బోర్డు వచ్చింది. పాతదాని కన్నా చాలా వేగమైన ప్రాసెసర్ అందులో ఉంది. ఆమె మొదటి పేజీ నుంచి ప్రతి ఆదేశాన్నీ ఆ బోర్డు మీద తనే కొట్టి చూసుకుంటూ పద్నాలుగో పేజీకి వచ్చింది.

పద్నాలుగో పేజీ ట్రేసర్ ఇచ్చిన వరుసలను శుభ్రంగా చదువుకోవడం ఎలాగో చెబుతుంది. ట్రేసర్ ఇచ్చే వరుసల్లో చాలావాటి ముందు ఒక అంకె ఉంటుంది. అవి నడిచిన ఆదేశాలు. మధ్యమధ్యలో నక్షత్రాల గుర్తుతో మొదలయ్యే వరుసలు కొన్ని వస్తాయి. పదకొండేళ్ల క్రితం ఆమె ఆ పేజీ రాసేటప్పుడు నక్షత్రాల వరుసలు రెండే రెండు వచ్చేవి, రికార్డు మొదలైందని ఒకటి, అయిపోయిందని ఒకటి. అవి పొడుగ్గా ఉండి పేజీ అంచు దాటి బయటికి పొడుచుకొచ్చేవి. చూడ్డానికి అసహ్యంగా ఉందని, అప్పటి ఇంజినీరుని అడిగి, అంకెతో మొదలయ్యే వరుసలను మాత్రమే మిగిల్చే ఒక చిన్న ఆదేశం రాయించుకుంది. తన పేజీ చక్కగా కనబడటానికి వాడుకున్న ఆ ఆదేశాన్ని పాఠకులకీ పనికొస్తుందని పేజీలోనే అచ్చువేసింది. పనికొచ్చింది. ట్రేసర్ వాడేవాళ్లంతా దాన్ని ఎత్తి రాసుకోవడం మొదలుపెట్టారు.

ఆ గురువారం ఆమె ఆ ఆదేశం లేకుండా ఒకసారి, దానితో ఒకసారి వరుసలు లెక్కపెట్టింది. రెండు తగ్గాలి. నలభై మూడు తగ్గాయి.

తన లెక్కే తప్పిందేమోనని మళ్లీ రికార్డు చేసి లెక్కపెట్టింది. ఈసారి యాభై ఆరు. అప్పుడు తీసేసిన వరుసలేమిటో విడిగా తెర మీదికి తెచ్చుకుంది. మొదటిదీ చివరిదీ తప్ప అన్నిటిలోనూ నక్షత్రాల తర్వాత ఒకటే మాట. ఇక్కడ కొన్ని పోయాయి. ప్రాసెసర్ మరీ వేగంగా పరిగెత్తితే, రాసుకోవడానికి చోటు చాలక ట్రేసర్ కొన్ని ఆదేశాలను వదిలేస్తుంది. వదిలేశానని నిజాయితీగా ఒప్పుకుంటూ ఒక వరుస పెట్టి ముందుకు పోతుంది. ఆ ఒప్పుకోలును తుడిచేసే ఆదేశాన్ని జనం చేతిలో పెట్టింది పద్నాలుగో పేజీ. తుడిచేశాక పైవరుసా కిందివరుసా వచ్చి అతుక్కుంటాయి. ఇక చదివేవాడికి మధ్యలో ఏమీ జరగలేదనే అనిపిస్తుంది.

ఆమె చప్పున కుర్చీలోంచి లేచింది. పేజీ తప్పయినందుకు కాదు, తప్పులు దిద్దడానికే కదా కూర్చుంది. ఈమధ్య ఎవరో ఈ పేజీ గురించి అడిగారన్న సంగతి గుర్తొచ్చింది. అడిగినవాడు పక్క గదిలోనే ఉన్నాడు.

పక్క గదిలో కస్టమర్ల ఫోన్లకి జవాబులిచ్చే మనిషిని అందరూ హలో అని పిలుస్తారు. వరండాలో ఎవరు పలకరించినా అలవాటుకొద్దీ హలో అనే అంటాడు పాపం. ఆమె వెళ్లేసరికి టీ తాగుతున్నాడు.

"ఏంటక్కా, అలా ఉన్నారు?"

"మొన్నామధ్య పద్నాలుగో పేజీ సరిగ్గానే ఉందా అని నన్నడిగావు. ఎవరి కోసం?"

"లిఫ్టులు తయారుచేసేవాళ్ల కోసం. మూడు వారాలైంది. వాళ్ల ఫ్యాక్టరీలో పరీక్ష చేస్తుంటే లిఫ్టు తలుపు తెరిచుండగానే కదిలింది. ఒక మెకానిక్ వేళ్లు నలిగాయి. అప్పుడు మన ట్రేసర్ నడుస్తోందట. మీ పద్ధతి ప్రకారమే వరుసలు తీశాం, ఇలా చదవడం కరెక్టేనా అని అడిగారు. మీరు కరెక్టే అన్నారు, నేనూ కరెక్టే అని రాసిచ్చాను."

నిజమే, ఆమె అలాగే అంది. ఆ రోజు ఆమె వేరే పేజీలో తలమునకలుగా ఉంది. హలో గుమ్మంలోంచే అడిగాడు, ఆమె తల ఎత్తకుండానే "ఆ, సరిగ్గానే ఉంది" అంది. కొట్టి చూడలేదు, కనీసం ఆ పేజీ తెరిచి చూడలేదు. పదకొండేళ్లుగా ఎవరూ తప్పుపట్టని పేజీ కదా అనుకుంది.

"వాళ్ల వరుసల్లో ఏం వచ్చిందట?"

"తలుపు మూసుందో లేదో చూసే ఆదేశం అసలు నడవనే లేదట. బటన్ నొక్కిన వెంటనే మోటారు తిరిగింది. ప్రోగ్రాంలో తనిఖీ కనబడుతున్నా, ఎక్కడో దాన్ని దాటేసే దారి కూడా ఉండేలా ఆ భాగం రాసిన ఇంజినీరు రాశాడని తేల్చారు. ఇవాళ మూడింటికి విచారణ. ఇంటికి పంపించేస్తారట, ఇక ఆ రంగంలో ఎవరూ పనివ్వరు." హలో టీ గ్లాసు కింద పెట్టాడు. "ఎందుకక్కా?"

"వాళ్లు పంపిన అసలు ఫైలు నీ దగ్గరుందా?" అని అడిగింది.

ఉంది. పద్నాలుగో పేజీ ఆదేశం వాడకుండా దాన్ని విప్పింది. మూడు లక్షల చిల్లర వరుసలు. ప్రమాదం జరిగిన సమయాన్ని బట్టి వెతుక్కుంటూ వెళ్లడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలూ ఆమె ఒకటే కోరుకుంది, అక్కడ నక్షత్రాలు ఉండకూడదని. లేకపోతే ఆ ఇంజినీరు నిజంగానే తప్పు చేసినట్టు, తను మాత్రం బయటపడినట్టు. ఆ కోరిక ఎంత నీచమైనదో ఆమెకి తెలుసు, తెలిసీ ఆపుకోలేకపోయింది.

బటన్ నొక్కిన వరుస కనబడింది. దాని కింద మూడు నక్షత్రాలు. ఇక్కడ కొన్ని పోయాయి. ఆ కింద మోటారు తిప్పమనే వరుస. పైవరుస సమయానికీ కిందివరుస సమయానికీ మధ్య పద్దెనిమిది మైక్రోసెకన్లు. మనిషి రెప్పపాటులో అది వెయ్యో వంతు కూడా కాదు గానీ, ఆ కాస్తలో ప్రాసెసర్ వెళ్లి ఆ తలుపును వందసార్లు చూసి రాగలదు.

చూసిందో లేదో ఎవరికీ తెలియదు. చూడలేదని మాత్రం పద్నాలుగో పేజీ తేల్చేసింది.

చూద్దాం సారు గదిలోకి వెళ్లేసరికి పన్నెండున్నర. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన విన్నాడు, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకున్నాడు.

"మన ట్రేసర్ తప్పేమీ లేదు కదా మేడమ్?"

"లేదు సార్. నా పేజీ తప్పు."

"అదే, పేజీ మనదే కదా. మా మాన్యువల్ తప్పని మనమే రాసిస్తే రేపు అటు మెకానిక్, ఇటు ఆ ఇంజినీరు, ఇద్దరూ మన మీద పడతారు. లాయరు గారు చూడకుండా ఒక్క అక్షరం బయటికెళ్లకూడదు. ఆయన సోమవారం వస్తారు. వచ్చాక చూద్దాం."

"విచారణ మూడింటికి సార్. సోమవారానికి ఆ మనిషి ఉద్యోగం ఉండదు."

ఆయన నీళ్లు నమిలాడు. జాలి లేక కాదు, ఆ మొహంలో జాలి కనబడుతూనే ఉంది. ఆమెకి ఒళ్లు మండిపోయింది. జాలి ఉండీ కదలని మనిషిని ఏం చేయాలి? అయినా ఆ మంటలో సగం తన మీదేనని తెలుసు కాబట్టి గొంతు పెంచలేదు.

"పేజీ సరిచేసుకోడానికి లాయరు అక్కర్లేదు కదా సార్? రోజూ చేస్తున్న పనేగా."

"పేజీ మీ ఇష్టం. ఆ లిఫ్టులవాళ్లకి మాత్రం ఫోనుగానీ ఉత్తరంగానీ వద్దు. నా మాట వినండి."

ఆమె బయటికి వచ్చి బల్ల ముందు కూర్చుంది.

పేజీ దిద్దడం మొదలుపెట్టింది. మొదట రాసిన వాక్యం ఇది. "కొన్ని ప్రత్యేక పరిస్థితులలో ఈ ఆదేశం వలన కొంత సమాచారం కనబడకపోవచ్చు." రాసి చదువుకుంటే అసహ్యం వేసింది. అందులో ఎవరికీ తప్పు లేదు, ఎవరికీ ఏమీ కాలేదు. చేతులు దులుపుకునేవాళ్లు రాసే వాక్యం. ఇలాంటి వాక్యం ఇంకెవరైనా రాసి తెస్తే నలుగురిలో చదివి పరువు తీసేది. కొట్టేసింది. రెండోది మరీ పొడుగైంది, మూడోదాంట్లో క్షమాపణ తప్ప విషయం లేదు. గడియారం ఒకటిన్నర చూపిస్తోంది.

అప్పుడే భర్త దగ్గర్నించి ఫోను. ఆయన తమ వీధి చివర చిన్న గదిలో కుట్టుమిషన్లు బాగుచేస్తాడు.

"వచ్చేటప్పుడు అమ్మ కళ్లల్లో వేసే చుక్కల మందు తీసుకురా, అయిపోయింది." ఆమె సరేననగానే అడిగాడు. "ఏంటి, గొంతు అలా ఉంది?"

ఆమె మూడు ముక్కల్లో చెప్పింది. వద్దన్న పని చేయబోతున్నానని కూడా చెప్పింది.

"ఉద్యోగం పోతుందా?"

"పోవచ్చండీ."

అటువైపు ఏదో మిషను చక్రం తిరుగుతున్న చప్పుడు వినిపించింది. "సరే. చుక్కల మందు మాత్రం మర్చిపోకు" అన్నాడాయన. ఆ మనిషి ధైర్యం చెప్పే పద్ధతి అంతే, ముప్పై ఏళ్లుగా అంతే. ఆమె ఫోను పెట్టేసి మళ్లీ రాసింది.

"ఇంతకు ముందు ఈ పేజీలో ఇచ్చిన ఆదేశం తప్పు. ప్రాసెసర్ నడిపిన ఆదేశాల్లో కొన్నిటిని ట్రేసర్ రాసుకోలేకపోయినప్పుడు ఆ సంగతి నక్షత్రాల వరుసలో చెబుతుంది. పాత ఆదేశం ఆ వరుసను తీసేస్తుంది. అది మిగిల్చిన వరుసల్లో పక్కపక్కన ఉన్నవి నిజంగా ఒకదాని వెంట ఒకటి నడిచాయని అనుకోవద్దు. మధ్యలో ఏం జరిగిందో ఈ వరుసలను బట్టి చెప్పలేము. దాన్ని ఆధారం చేసుకుని ఏదైనా నిర్ణయం తీసుకుని ఉంటే, అసలు ఫైలు మళ్లీ చూడండి." దాని కింద కొత్త ఉదాహరణ పెట్టింది. నక్షత్రాల వరుస అంచు దాటి వికారంగా బయటికి పొడుచుకొచ్చింది. దాన్ని అలాగే ఉంచింది.

రెండూ ఇరవైకి కొత్త పేజీ కంపెనీ వెబ్‌సైటులోకి ఎక్కింది. ఇప్పుడు దాన్ని ఆ విచారణ గదిలోకి చేర్చాలి.

హలో గదిలోకి వెళ్లింది. అతను ఆమె మొహం చూశాడు, చూద్దాం సారు ఏమన్నాడో అప్పటికే తెలిసినట్టుంది. "నేను నీళ్లు తాగొస్తానక్కా. ఆ తెర మీద లిఫ్టులవాళ్ల నంబర్లున్నాయి, చూడకండి" అని లేచి వెళ్లిపోయాడు. నీళ్ల సీసా నిండుగా బల్ల మీదే ఉంది.

దర్యాప్తు చేసిన అధికారి నంబరుకి చేసింది. స్విచ్చాఫ్. మళ్లీ చేసింది, మళ్లీ అదే. చివరికి ఆ ఫ్యాక్టరీ రిసెప్షన్ నంబరుకి చేసింది. ఎవరో ఆడమనిషి ఎత్తింది, చిన్న వయసు గొంతు.

"విచారణ మూడింటికి కదమ్మా, ఆ ఆఫీసరు గారితో అర్జెంటుగా మాట్లాడాలి."

"రెండున్నరకే మొదలెట్టేశారండీ. అందరూ లోపలే ఉన్నారు. ఎవర్నీ పిలవొద్దని చెప్పారు."

రెండూ ముప్పై ఏడు. ట్రేసర్, ప్రాసెసర్, మైక్రోసెకన్లు అని మొదలుపెడితే ఆ అమ్మాయి మర్యాదగా ఫోను పెట్టేస్తుంది. అందుకని టీచరమ్మ ఇలా అడిగింది.

"మీ దగ్గర వచ్చిపోయేవాళ్ల పేర్లు రాసే పుస్తకం ఉందా అమ్మా?"

"ఉందండీ."

"జనం ఒక్కసారిగా తోసుకొస్తే అందరి పేర్లూ రాయగలుగుతారా?"

"ఎక్కడండీ. కొంతమంది రాయకుండానే వెళ్లిపోతారు. అప్పుడు రద్దీ అని రాసి గీత కొట్టేస్తాను."

"ఎవరో ఆ రద్దీ అని రాసిన గీతని చెరిపేశారనుకోండి. చెరిపేసి, పుస్తకంలో పేరు లేదు కాబట్టి ఫలానా మనిషి ఆరోజు రానేలేదని తేల్చేశారనుకోండి."

"అదేం న్యాయమండీ? వచ్చే ఉండొచ్చుగా."

"మీ ఇంజినీరు విషయంలో అదే జరుగుతోంది. గీత చెరిపింది నేను. చెరిపానని ఇప్పుడే రాసి మెయిలు పంపుతున్నాను. దాన్ని ఎవరో ఒకరు ఆ గదిలోకి తీసుకెళ్లాలి."

అటువైపు పెన్ను కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"ఆయన మూడు వారాలుగా తల ఎత్తకుండా లోపలికెళ్తున్నాడండీ" అంది ఆ అమ్మాయి. "పంపించండి. ప్రింటు తీసి నేనే పట్టుకెళ్తాను. తిడితే తిడతారు."

పంపింది. పేజీ, అసలు ఫైల్లోని ఆ మూడు వరుసలు, కింద తన పూర్తి పేరు, హోదా, ఫోను నంబరు. పంపేశాక చేయడానికి ఏమీ మిగల్లేదు. ఇంతకన్నా కష్టం ఇంకోటి లేదనిపించింది. హలో తిరిగొచ్చి ఎదురుగా కూర్చున్నాడు. మధ్యలో ఒక కస్టమరు ఫోను మోగింది. హలో దాన్ని ఎత్తకుండా కట్ చేశాడు, అలా చేయడం అతని ఉద్యోగంలో అదే మొదలు.

మూడూ పదికి ఆమె ఫోను మోగింది.

"విచారణ గదిలోంచి మాట్లాడుతున్నాం. స్పీకరు పెట్టాను" అంది ఒక పెద్దాయన గొంతు. "ఈ పద్నాలుగో పేజీ రాసిందెవరు?"

"నేనండీ."

"మూడు వారాల క్రితం ఇదే పేజీ సరిగ్గా ఉందని మాకు మీ ఆఫీసు నుంచి జవాబొచ్చింది. అది చెప్పిందెవరు?"

హలో తల ఎత్తాడు. ఆమె చేత్తో వారించింది. "అదీ నేనే. రాసి పంపినాయన నన్నడిగే పంపాడు."

"చూసే చెప్పారా?"

అప్పటికి గుమ్మంలో చూద్దాం సారు నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. ఆమె ఆయన వైపే చూస్తూ చెప్పింది.

"చూడకుండా చెప్పానండీ."

గదిలో కుర్చీలు కదిలిన చప్పుడు, ఎవరో ఏదో గొణిగారు.

"అంటే తలుపు చూసే ఆదేశం నడిచిందంటారా?"

ఔనంటే ఆ మనిషి అప్పటికప్పుడు బయటపడతాడు. నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట. "అననండీ. నడిచిందో లేదో ఈ ఫైలుకి తెలియదు. నడవలేదని మాత్రం ఎవరూ అనడానికి లేదు. ట్రేసర్‌కి రాసుకునే చోటు పెద్దది పెట్టి ఆ పరీక్ష మళ్లీ చేయించండి, అప్పుడు తేలుతుంది."

"అప్పటిదాకా?"

"అప్పటిదాకా తెలియదనే రాసుకోవాలి."

పెద్దాయన నిట్టూర్చాడు. "తెలియదని రాసి ఎవర్నీ ఇంటికి పంపలేం" అన్నాడు, ఆమెతో కాదు, ఆ గదిలోవాళ్లతో. ఫోను పెట్టేశాడు.

చూద్దాం సారు గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"వద్దన్నాను మేడమ్."

"అన్నారు సార్."

"రేపు పైవాళ్లు పిలుస్తారు. మిమ్మల్ని ఎలా కాపాడాలో నాకు తెలియడం లేదు."

ఆయన నోట చూద్దాం రాకపోయేసరికి ఆమెకి మొదటిసారి భయం వేసింది. నెలవారీ జీతం మీద నడిచే ఇల్లు, మంచం మీద అత్తగారు, యాభై రెండేళ్ల వయసులో ఇంకెక్కడ చేర్చుకుంటారు? అయినా చేసింది వెనక్కి తీసుకోవాలని మాత్రం అనిపించలేదు. తన బల్ల దగ్గరికెళ్లి పదిహేనో పేజీ తెరిచింది. ఒక్క అక్షరం తలకెక్కలేదు.

ఐదింటికి సంచీ సర్దుకుంటుంటే మళ్లీ ఫోను. కొత్త నంబరు. ముప్పై ఏళ్లుంటాయేమో, మెల్లగా మాట్లాడే మగగొంతు.

"నేనేనండీ, ఆ లిఫ్టు ఇంజినీర్ని. రిసెప్షన్‌లో అమ్మాయి మీ నంబరిచ్చింది. విచారణ ఆపేశారు. పరీక్ష మళ్లీ చేసేదాకా నన్నేమీ అనరట."

"నన్ను తిట్టడానికే చేశారేమో. తిట్టండి బాబూ, వింటాను."

"తిట్టడానికి కాదండీ. ఆ అమ్మాయి కాగితం పట్టుకుని వచ్చేసరికి నేను నిలబడి తప్పు ఒప్పుకుంటున్నాను. రాత్రే రాసుకున్నాను, సగం చదివేశాను."

ఆమె సంచీ కింద పెట్టింది. "అదేమిటి? మీరు ఆ తనిఖీ తప్పించలేదని మీకు తెలియదా?"

"తెలుసండీ. అలా రాయలేదని మొదటి వారం అందరితో పోట్లాడాను. తర్వాత మీ మాన్యువల్ తెచ్చి ముందు పెట్టారు. పద్నాలుగో పేజీ చదివాను. పది సార్లు చదివుంటాను. ఎక్కడా తికమక లేదు, ఒక్క మాట ఎక్కువ లేదు. ఇంత స్పష్టంగా ఉంటే ఇక నా జ్ఞాపకమే తప్పయ్యుంటుంది, ఏదో పరధ్యానంలో నేనే అలా రాసేసుంటాను అనుకున్నాను. మా ఆవిడకి కూడా నేనే చేశానని చెప్పేశాను." చివర్లో అన్నాడు. "చాలా బాగా రాస్తారండీ మీరు."

అతను వెటకారానికి అనలేదు. మనస్ఫూర్తిగానే అన్నాడు. ఇరవై రెండేళ్లలో ఆమె రాత బాగుందని ఎవరైనా ఫోను చేసి చెప్పడం అదే మొదటిసారి.